ఎవరి భాషలో వారికి న్యాయం



ఉపాసక ఉపాసికలారా! పౌర్ణమి నాడు విహారంలో కూర్చుని మనం త్రిశరణం, పంచశీల చెప్పుకుంటాం. ఈసారి చెప్పుకునేటప్పుడు ఒక్కసారి చుట్టూ చూడండి. మన వాడలో చెవులు వినపడని అమ్మాయి ఉంటుంది. చూపు లేని పెద్దాయన ఉంటారు. మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లవాడు ఉంటాడు. వాళ్ళు విహారానికి వస్తున్నారా? వస్తే, అక్కడ జరిగేది వాళ్ళకు అర్థమయ్యేలా ఎవరైనా చెబుతున్నారా? ఎందుకు అడుగుతున్నానంటే, మామూలు రోజున మన మధ్యనే మాట అందని మనిషికి, ఆపద వచ్చిన రోజున పోలీస్ స్టేషన్‌లో ఎలా అందుతుంది? ఆ ఆపద రోజు గురించే ఇప్పుడు మాట్లాడుకుందాం. నేరానికి గురైన మనిషి బధిరులో వికలాంగులో అయినప్పుడు వాళ్ళ గోడు ఎవరు వినాలి, ఎలా వినాలి?

"అలాంటివారు మనలో ఎందరుంటారులే" అనకండి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. అంటే జనాభాలో 2.21 శాతం. షెడ్యూల్డు కులాల్లో చూస్తే అది 2.45 శాతం. మన దగ్గర తేడా ఎక్కువ వైపుకే ఉంది. పేదరికం, సరైన వైద్యం అందని కాన్పులు, ఒళ్ళు విరిచే పనులు - కారణాలు మనకు ఒకరు చెప్పాల్సినవి కావు.

ముందుగా మన నోటి సంగతి చూద్దాం. "ఆ మూగది", "కుంటోడు", "గుడ్డోడి కొడుకు" అని ఎంత సులువుగా అనేస్తాం! మన కులం పేరును తిట్టుగా వాడితే మన గుండె ఎలా మండుతుందో మనకు తెలుసు. అదే పని మనం ఇంకొకరికి చేస్తున్నాం. వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 92 ప్రకారం, వికలాంగుడైన మనిషిని నలుగురూ చూసే చోట అవమానించాలని దూషించడం నేరం. 6 నెలల నుండి 5 ఏళ్ళ దాకా శిక్ష పడవచ్చు. ఇక ప్రభుత్వం వాడే "దివ్యాంగులు" అన్న మాట ఉంది. నాకైతే అది "హరిజన" అన్న మాటలాగే వినిపిస్తుంది. హక్కు అడిగిన వాడికి దేవుడి పేరు తగిలించి పక్కన కూర్చోబెట్టడం మనకు పాత అనుభవమే కదా. ఆ మనుషులు తమను ఏమని పిలవమంటే అలా పిలుద్దాం. బధిరులు చాలామంది తమను ఒక భాష గల సమాజంగా చూసుకుంటారు. ఆ భాష సైగల భాష.

భాష అన్నాం కాబట్టి వినయ పిటకంలోని ఒక సంగతి చెప్పుకోవాలి. బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టి భిక్షువులైన ఇద్దరు అన్నదమ్ములు బుద్ధుని దగ్గరకు వచ్చి, రకరకాల వాళ్ళు సంఘంలో చేరి తమ తమ మాటల్లో బుద్ధవచనాన్ని పాడుచేస్తున్నారు, దాన్ని ఛందస్సులోకి మార్చేద్దాం అన్నారు. బుద్ధుడు ఒప్పుకోలేదు, మందలించాడు. ఎవరి భాషలో వారు ధమ్మాన్ని నేర్చుకోవచ్చని అనుమతి ఇచ్చాడు. ఇందులో ఎంత లోతుందో ఆలోచించండి. వేదం వినకూడదని ఒకరి చెవులు మూసిన సమాజంలో, ధమ్మం మాత్రం మనిషి భాషను వెతుక్కుంటూ వచ్చింది. మనిషే దేవభాష నేర్చుకుని రావాలని కూర్చోలేదు.

సైగలు కూడా ఒకరి భాషే. చేతులతో, కళ్ళతో, ముఖంతో మాట్లాడే భాష. ధమ్మం విషయంలో బుద్ధుడు ఇచ్చిన అనుమతిని న్యాయం విషయంలోకి తెచ్చి చూడండి. "నోటితో చెప్పు, తెలుగులో చెప్పు, గట్టిగా చెప్పు, లేకపోతే రాసుకోలేం" అనే స్టేషన్ రైటరు ఆ ఇద్దరు అన్నదమ్ముల పక్షాన ఉన్నాడా, బుద్ధుని పక్షాన ఉన్నాడా?

ఇక్కడ ఒక నిజాన్ని దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. వినడం, మాట్లాడడం, చూడడం, నడవడం లేని వారికి ప్రవ్రజ్య ఇవ్వరాదని వినయంలో ఒక నియమం ఉంది. ఊరూరా తిరిగి భిక్షాటన చేసే సంఘానికి పెట్టుకున్న నియమం అని కొందరు సర్దిచెబుతారు. అలా సర్దుకోనక్కరలేదు. బాబాసాహెబ్ మనకు నేర్పింది గ్రంథంలో ఉన్నంత మాత్రాన దేన్నీ నమ్మవద్దని, బుద్ధితో పరీక్షించమని. ఉపాసకులకు ఆ తలుపు ఎప్పుడూ మూయలేదు. అందుకు సాక్ష్యం ఖుజ్జుత్తర. కౌశాంబిలో ఉదయన రాజు రాణి సామావతి దగ్గర దాసి. గూని ఉన్న మనిషి, పేరులోనే ఆ గూని ఉంది. పూలు కొనడానికి వెళ్ళి బుద్ధుని బోధ విన్నది. బయటకు రాలేని అంతఃపుర స్త్రీలకు ఆ బోధను విన్నది విన్నట్టు తెచ్చి చెప్పింది. ఆమెను ఎత్తైన ఆసనం మీద కూర్చోబెట్టి రాణి కింద కూర్చుని వినేదట. ఉపాసికల్లో బాగా విని నేర్చిన వారిలో ఆమెను అగ్రస్థానంలో ఉంచాడు బుద్ధుడు. ఒక దాసి, ఒక వికలాంగురాలు, ఒక దుబాసి. ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా ఒకరి మాట ఇంకొకరికి చేర్చడం ఎంత గొప్ప పనో ఆమెను చూస్తే తెలుస్తుంది. ఆ పని గురించి మళ్ళీ మాట్లాడతాను.

అసలు చిక్కు స్టేషన్ గడప దగ్గర మొదలవదు, ఇంట్లో మొదలవుతుంది. "దాని ఖర్మ అలా రాసి ఉంది. పోయిన జన్మలో ఏం చేసిందో. ఇప్పుడు ఇది బయట పడితే ఇంకా పరువు పోతుంది." బౌద్ధం తీసుకున్న ఇళ్ళలో కూడా ఈ మాట పూర్తిగా చచ్చిపోలేదు. గోడ మీద బాబాసాహెబ్ పటం ఉంటుంది, నోట్లో పూర్వజన్మ ఉంటుంది. చక్షుపాల థేరుడి కథ మీరు వినే ఉంటారు. చూపు పోయిన ఆ భిక్షువు వాన కురిసిన తరువాత పచార్లు చేస్తుంటే కాళ్ళ కింద పురుగులు చచ్చాయి. మిగతా భిక్షువులు ఫిర్యాదు చేశారు. అతను చంపడం మీరు చూశారా అని అడిగాడు బుద్ధుడు. చూడలేదన్నారు. మీరు చూడనట్టే అతనూ ఆ పురుగులను చూడలేదు అన్నాడు. అంత సూటిగా, అంత న్యాయంగా ఉన్న ఈ విచారణకు అట్ఠకథ రాసినవారు ఒక తోక తగిలించారు: పూర్వజన్మలో అతను వైద్యుడై ఒక స్త్రీ కళ్ళు పోగొట్టాడు కాబట్టి ఇప్పుడు గుడ్డివాడయ్యాడని. మనకు కావలసింది మొదటి భాగం. ఈ జన్మ దుస్థితికి పోయిన జన్మ కర్మే కారణమనే వాదాన్ని బాబాసాహెబ్ "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో తీసి పక్కన పెట్టారు. ఆ వాదాన్ని ఒప్పుకుంటే పేదల, అణగారిన వారి బాధకు సమాజం గానీ రాజ్యం గానీ బాధ్యత వహించనక్కరలేదని ఆయన ఎత్తిచూపారు. బధిర బాలిక మీద చెయ్యి వేసినవాడికి కూడా ఆ వాదం ఎంత వీలుగా ఉంటుందో చూడండి. నేరం వాడిది, కర్మ ఆమెది!

నేరం చేసేవాడికి ఇంకో లెక్క కూడా ఉంటుంది. "ఇది చెప్పలేదు. చెప్పినా ఎవరికీ అర్థం కాదు. అర్థమైనా కోర్టు నమ్మదు." ఈ మూడు మెట్ల లెక్కను కూలగొట్టడమే మన పని.

కోర్టు నమ్మదనేది తప్పు. మన రాష్ట్రం నుండే వెళ్ళిన ఒక కేసు చెబుతాను. 2011లో ఆంధ్రప్రదేశ్‌లో, పుట్టుకతో చూపు లేని 19 ఏళ్ళ షెడ్యూల్డు కులం యువతి మీద, ఆమె అన్నల స్నేహితుడిగా ఇంటికి వచ్చిపోయే మనిషి అత్యాచారం చేశాడు. ఆమె అతన్ని గొంతును బట్టి గుర్తు పట్టింది. చూపు లేని సాక్షి గుర్తింపు చెల్లుతుందా అన్న ప్రశ్న మీద 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పు స్పష్టంగా ఉంది. చూపు ఉన్నవాళ్ళు ముఖం చూసి పోల్చుకుంటారు, చూపు లేనివాళ్ళు గొంతు విని పోల్చుకుంటారు, వికలాంగురాలు అయినందుకు ఆమె సాక్ష్యం తక్కువైపోదు. అతని యావజ్జీవ శిక్షను కోర్టు ఖాయం చేసింది. జడ్జిలకు, పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు శిక్షణ ఇవ్వాలని, దుబాసీల, ప్రత్యేక ఉపాధ్యాయుల జాబితాలు సిద్ధంగా ఉంచాలని కూడా చెప్పింది.

కానీ ఆ తీర్పులో మనకు గుచ్చుకునే ముల్లు ఒకటుంది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను అదే తీర్పు కొట్టివేసింది. కులం, లింగం, వైకల్యం మూడూ కలిసి ఒక మనిషి మీద ఎలా పడతాయో కోర్టు వివరంగా రాసింది. అయినా, ఆమె ఎస్సీ అయిన కారణంగానే నేరం జరిగిందని ప్రాసిక్యూషన్ విడిగా సాక్ష్యం పెట్టలేదని చెప్పింది. ఆ నేరం నాటికి చట్టంలో అలా ఉండేది. 2016 జనవరి 26 నుండి అమలైన సవరణ తరువాత, బాధితురాలు ఎస్సీ అని తెలిసి చేసినా చాలు. నిందితుడికి ఆమెతోనో ఆమె కుటుంబంతోనో పరిచయం ఉంటే, కులం అతనికి తెలుసనే కోర్టు భావించాలని సెక్షన్ 8 చెబుతోంది. కాబట్టి ఎఫ్ఐఆర్ రాయించే రోజునే కులం సంగతి, పరిచయం సంగతి, వైకల్యం సంగతి మూడూ అందులోకి ఎక్కాలి. "మీరు బౌద్ధులు కదా, అట్రాసిటీ కేసు మీకు రాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. బౌద్ధం తీసుకున్న షెడ్యూల్డు కులాల వారికి ఆ హోదా 1990 సవరణతో దక్కింది. కుల ధృవీకరణ పత్రం దగ్గర పెట్టుకోండి.

ఇక స్టేషన్ సంగతి. 2024 జూలై 1 నుండి పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. దాని సెక్షన్ 173 ఏమంటుందంటే, లైంగిక నేరం, వేధింపు, యాసిడ్ దాడి లాంటి నేరాల్లో బాధితురాలు శారీరకంగా గానీ మానసికంగా గానీ వికలాంగురాలైతే, ఆమె స్టేషన్‌కు రానక్కరలేదు. పోలీసు అధికారే ఆమె ఇంటికి గానీ, ఆమె కోరిన వీలైన చోటికి గానీ వచ్చి ఫిర్యాదు రాసుకోవాలి. దుబాసీ గానీ ప్రత్యేక ఉపాధ్యాయుడు గానీ అక్కడ ఉండాలి. అదంతా వీడియో తీయాలి. ఈ నాలుగు మాటలు కంఠతా పట్టండి: ఇంటికి రావాలి, దుబాసీ ఉండాలి, వీడియో తీయాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. నేరం ఏ ఊళ్ళో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, మా పరిధి కాదని పంపేయకూడదు. చూపు లేని మనిషి అయితే, రాసింది చదివి వినిపించమని అడగండి. చదివి వినిపించడం చట్టం పెట్టిన బాధ్యత, దయ కాదు.

కొట్లాట, దొంగతనం, ఆస్తి లాక్కోవడం లాంటి మిగతా నేరాలకు ఈ సెక్షన్ 173 వెసులుబాటు రాయలేదు. అది చట్టంలో లోటే. అయినా దారి లేకపోలేదు. సాక్షిగా విచారించాలంటే వికలాంగులను వాళ్ళున్న చోటు నుండి కదిలించకూడదని సెక్షన్ 179 అంటుంది. వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 12 ప్రకారం, వాళ్ళు కోరిన భాషలో, కోరిన పద్ధతిలో సాక్ష్యం చెప్పే సౌకర్యం ఉండాలి. సెక్షన్ 7 ప్రకారం హింస సంగతి తెలిసిన పోలీసు అధికారి ఆ మనిషికి ఉన్న హక్కులు, దగ్గరలోని సహాయ సంస్థ, ఉచిత న్యాయ సహాయం గురించి తనే చెప్పాలి. అడిగేదాకా ఆగకూడదు.

మేజిస్ట్రేటు ముందు వికలాంగురాలైన బాధితురాలు ఇచ్చే వాంగ్మూలానికి ప్రత్యేకమైన విలువ ఉంది. దుబాసీ సాయంతో, ఆడియో వీడియోలో రికార్డు చేసిన ఆ వాంగ్మూలాన్నే విచారణలో ఆమె ముఖ్య సాక్ష్యంగా తీసుకోవచ్చని సెక్షన్ 183 చెబుతుంది. అంటే జరిగిన ఘోరాన్ని కోర్టులో మళ్ళీ మొదటి నుండి చెప్పే బాధ తప్పుతుంది. ప్రతిపక్షం వకీలు అడిగే ప్రశ్నలకు మాత్రం జవాబు చెప్పాలి. అందుకే ఆ మొదటి వీడియో సరిగా ఉండాలి. ముఖం, రెండు చేతులు కనిపించాలి. వెలుతురు ఉండాలి. సైగల భాషకు కెమెరానే కాగితం. దుబాసీ చెప్పిన తెలుగు మాత్రమే రాసుకుని, ఆమె చేసిన సైగలు రికార్డు కాకపోతే, రేపు ఆమె అసలు ఏం చెప్పిందో తేల్చడానికి ఏమీ మిగలదు. బధిర సాక్షి సైగలు కూడా రికార్డులో ఉండాలని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. ఆ కేసులో సాక్షి తరఫున ఆమె కన్నతండ్రే దుబాసీగా నిలిచాడు. సాక్ష్యం నిలవలేదు, నిందితుడి విడుదలను సుప్రీంకోర్టు మార్చలేదు.

కాబట్టి దుబాసీ ఎవరన్నది చిన్న విషయం కాదు. ఇంట్లోవాళ్ళే చెబుతారులే అనుకుంటాం. ప్రేమ ఉన్న తల్లి కూడా బిడ్డ చెప్పని మాట ఒకటి కలుపుతుంది, సిగ్గుపడి ఒకటి దాస్తుంది. ఇక నేరం చేసినవాడు బాబాయో, బావో, ఇంటి పక్క పెద్దమనిషో అయితే? వాడి ముందు, వాడి చుట్టం దుబాసీగా ఉంటే ఆ పిల్ల చేతులు లేస్తాయా? నాలుగో శీలం అబద్ధం ఆడవద్దంటుంది. ఇంకొకరి మాటను వంచి చెప్పడం కూడా అబద్ధమే. ఖుజ్జుత్తర గొప్పతనం అక్కడే ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పట్నంలో శిక్షణ పొందిన దుబాసీకి భారతీయ సైగల భాష వస్తుంది. మన పల్లెలో బడికి పోని బధిర మహిళకు ఆ భాష రాదు. ఆమెకు ఉన్నవి ఇంటి సైగలు: మీసం తిప్పితే ఫలానా ఆయన, ముక్కుపుడక చూపిస్తే అత్త, చెయ్యి అలా ఊపితే చెరువు గట్టు. దుబాసీ వచ్చి ఆమెతో మాట్లాడలేకపోతే "ఈమెకు ఏమీ తెలియదు" అని రాసేస్తారు. అప్పుడు పట్టుబట్టాల్సింది ఇద్దరి కోసం. శిక్షణ ఉన్న దుబాసీ ఒకరు, ఆమె సైగలు బాగా తెలిసి కేసుతో సంబంధం లేని మనిషి ఒకరు. పిల్లల విషయంలో పోక్సో చట్టం సెక్షన్ 26 ఈ మాటే అంటుంది: వైకల్యం ఉన్న బిడ్డ అయితే, ఆ బిడ్డ చెప్పే తీరు తెలిసిన మనిషి సాయం తీసుకోవచ్చు. బొమ్మ గీయించడం, ఫోటోలు చూపించడం, గది ఎలా ఉందో వస్తువులతో పేర్చి చూపమనడం కూడా మాటే. ప్రత్యేక ఉపాధ్యాయుల కోసం ముందుగా మీ మండలంలోని ప్రత్యేక అవసరాల పిల్లల భవిత కేంద్రంలో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మానసిక ఎదుగుదల లోపం ఉన్నవారి జాతీయ సంస్థ, వినికిడి లోపం ఉన్నవారి అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. అక్కడ అడిగితే దారి దొరుకుతుంది.

బాధితురాలు 18 ఏళ్ళలోపు బిడ్డ అయితే ఊరి పెద్దలు రాజీ కుదర్చడానికి వీలే లేదు. సంగతి తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. మన కుల పెద్దలకు, సంఘం పెద్దలకు కూడా ఇది వర్తిస్తుంది. డబ్బు తీసుకుని మాఫీ చేయించిన పెద్దమనిషిని తరువాత విహారంలో ముందు వరుసలో కూర్చోబెట్టకండి.

డబ్బు గురించి కూడా తెలుసుకోవాలి. బాధితుల పరిహార పథకం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నేరస్తుడు దొరకకపోయినా పెట్టుకోవచ్చు. అట్రాసిటీ చట్టం నియమాల కింద ఇచ్చే సహాయం వేరు, అది కేసు దశలను బట్టి విడతలుగా వస్తుంది. కోర్టుకు వెళ్ళివచ్చే ఖర్చులు కూడా ఆ చట్టం సెక్షన్ 15ఏ కింద అడగవచ్చు. ఈ సెక్షన్‌లోనే ఒక వెలితి నాకు కనిపిస్తుంది. వయసు, లింగం, చదువులో వెనుకబాటు, పేదరికం వల్ల వచ్చే ప్రత్యేక అవసరాలను గమనించాలని రాశారు గానీ వైకల్యం అన్న మాట రాయలేదు. మన కోసం పోరాడి తెచ్చుకున్న చట్టంలో మనలోని బధిరులను మరిచిపోయారు. సవరణ అడగాల్సిందే. ఈలోపు ఉచిత వకీలు విషయంలో ఇబ్బంది లేదు. న్యాయ సేవల చట్టం 1987, సెక్షన్ 12 ప్రకారం ఎస్సీలకు, మహిళలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా వకీలును ఇవ్వాలి. ఫోన్ 15100. అట్రాసిటీ విషయంలో 14566.

కానీ ఫోన్ నంబర్లు చెబుతుంటే నాకే నవ్వొస్తుంది, వినపడని మనిషికి ఫోన్ నంబరు ఏం చేసుకోను? 112 ఇండియా యాప్ ఉంది. అందులో మాట్లాడకుండానే నొక్కి సాయం కోరవచ్చు, ఉన్న చోటు కూడా వాళ్ళకు చేరుతుంది. మన బధిర అక్కచెల్లెళ్ళ ఫోన్లలో దాన్ని పెట్టించి, ఎలా నొక్కాలో చూపించడం మన యువకులకు గంట పని. చదువు రాని వారికి తెర మీద ఎర్ర గుర్తు ఎక్కడుందో చూపించి, రెండు మూడుసార్లు వాళ్ళ చేతే ఫోన్ తీయించి, యాప్ తెరిపించండి.

వచ్చే పౌర్ణమికి విహారం కమిటీ వాళ్ళు ఒక పుస్తకం తెరవండి. వాడలో వికలాంగులు ఎవరెవరు, ఒక్కొక్కరు ఎలా మాట్లాడతారు, ఎవరి సైగలు ఎవరికి బాగా తెలుసు, ఇంటివాళ్ళు కాక ఇంకెవరిని వాళ్ళు నమ్ముతారు - వాళ్ళనే అడిగి, వాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి. ఆ పుస్తకం ఉపాసికల దగ్గర ఉంటే మంచిది. పక్క పేజీలో ప్రత్యేక ఉపాధ్యాయుడి ఫోన్, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ చిరునామా, సఖి కేంద్రం చిరునామా రాయండి. ఇద్దరు ముగ్గురు యువతులు సైగల భాష నేర్చుకోవడానికి ముందుకొస్తే వాళ్ళ బస్సు ఖర్చులు దాన పెట్టె నుండి ఇవ్వండి. ఢిల్లీలోని భారతీయ సైగల భాష పరిశోధన శిక్షణ కేంద్రం వాళ్ళ నిఘంటువు వీడియోల రూపంలో ఉంది, ఫోన్‌లో చూసి మొదలు పెట్టవచ్చు. 2023 సెప్టెంబరులో ఒక బధిర మహిళా న్యాయవాది సైగల దుబాసీ సాయంతో సుప్రీంకోర్టులో వాదన వినిపించారు. ఆ సంగతి మన బధిర పిల్లలకు వాళ్ళ సైగల్లోనే చెప్పండి. అలాగే త్రిశరణం చెప్పేటప్పుడు వాళ్ళను ముందు వరుసలో, చెప్పేవారి ముఖం కనిపించేలా, దీపం వెలుగు పడేలా కూర్చోబెట్టండి.